వైరు పాలు తాగేస్తుందట!

ముందు మీరు చెప్పండి. ఏం చూశారు? విన్నది అడగడం లేదు. పక్కింటివాళ్లు చెప్పింది, ఫోన్‌లో వచ్చింది, బస్సులో ఎవరో అన్నది నాకు అక్కర్లేదు. దగ్గరికి వెళ్లి, మీ రెండు కళ్లతో మీరు చూసిందేమిటి?

నోరు పెగలడం లేదు కదా. దాలయ్య దొడ్డిలోనూ ఒకరోజు ఇదే అడిగితే ఎవరికీ నోరు పెగల్లేదు.

ఆ దొడ్డి కొండ వాలులో, మొక్కజొన్న చేనుకి ఆనుకుని ఉంటుంది. అందులో ఒక గేదె, ఒక మేకపోతు, ఒక కోడిపెట్ట, ఒక ముసలి ఎద్దు. కొండ మీద ఒక నక్క. పోయిన ముసురు రోజుల్లో ఆ నక్క దిగివచ్చి కోడిపిల్లల్ని ఒక్కటి మిగల్చకుండా ఎత్తుకుపోయింది. తల్లికోడి తిండి మానేసి ఖాళీ గంప చుట్టూ తిరుగుతూ, లేని పిల్లల్ని పిలుస్తూ ఉండేది. అది చూడలేక దాలయ్య దొడ్డి చుట్టూ వైరు కట్టించాడు.

ఇంటి కరెంటు కాదది. పాక కప్పు మీద ఎండకు పనిచేసే పలక, గోడకి చిన్న పెట్టె. పెట్టె టిక్కు టిక్కుమంటుంది. వైరు తాకినవాణ్ణి ఒక్క గుంజు గుంజి వదిలేస్తుంది. ఎవరూ చావరు, ఎవరూ కాలరు. రెండోసారి మాత్రం ఆ వైపు రారు. అది కట్టిన దగ్గర్నుంచి నక్క దొడ్డిలో అడుగు పెట్టలేదు.

ఆ వైరుకి ఉన్నది ఒకటే జబ్బు. పచ్చి మొక్కలు పెరిగి దాన్ని పట్టుకున్నాయంటే అందులోని సత్తువంతా వాటిగుండా నేలలోకి పోతుంది. పెట్టె టిక్కుమంటూనే ఉంటుంది, వైరులో మాత్రం పస ఉండదు. ఆ మొక్కల సంగతి మేకపోతు చూసుకునేది. దానికి ఎవరూ నేర్పలేదు. కొమ్ములు వెనక్కి వాల్చి, మూతి నేలకి ఆనించి, వైరు తగలకుండా కింది గడ్డంతా నున్నగా మేసేది. "ఈ పోతు ఉండబట్టి నాకు కొడవలి పని తప్పింది" అని దాలయ్య సంబరపడేవాడు.

కొండ మీది నుంచి నక్క ఇదంతా చూసింది. అది మాత్రం చూసింది! దొంగకి ఉన్న శ్రద్ధ మనకి ఉంటే ఈ కథే లేదు.

ఒక పొద్దున వైరు అవతల నిలబడి పోతుని పలకరించింది.

"ఏరా అల్లుడూ, బాగున్నావా? నీ గడ్డం చూస్తుంటే చదువుకున్నవాడిలా ఉన్నావురా."

నక్కకి మేకపోతు కొమ్ములంటే భయం. అందుకని పోతు జోలికి ఎప్పుడూ రాలేదు. తన జోలికి రాలేదు కాబట్టి పోతుకి నక్క మీద కోపమూ లేదు. పోయినవి కోడిపిల్లలు కదా, తన పిల్లలు కాదు కదా!

"బాగానే ఉన్నాను మావా. ఏంటి సంగతులు?"

"ఏం చెప్పమంటావు! నువ్వు ఆ గడ్డి తింటుంటే నా కడుపు తరుక్కుపోతోంది. వైరులో కరెంటు వేళ్లలోకి దిగుతుందిరా. పట్నంలో పెద్ద పెద్ద దున్నలు కూర్చుని తేల్చిన మాట."

"ఇన్నాళ్లూ తింటూనే ఉన్నాను. ఏం కాలేదే?"

"అదేరా దాని మాయ! పైకి కనబడదు. లోపల లోపల పనిచేస్తుంది."

ఈ 'లోపల లోపల' అన్న మాట వింటే నా ఒళ్లు మండుతుంది. చూపించడానికి ఏమీ లేనివాళ్లందరూ పట్టుకు వేలాడేది ఈ మాటనే. పోతు మాత్రం మేత ఆపి, పొట్ట వైపు చూసుకుంది. ఎప్పుడూ వచ్చే చిన్న గుడగుడే వచ్చింది. ఆరోజు అది పెద్ద ఉరుములా వినబడింది.

"ఇంకోటి," అంది నక్క వెళ్తూ వెళ్తూ. "పాలూ గుడ్లూ కూడా జాగ్రత్త. ఆ టిక్కు టిక్కు మంచిది కాదు. నా పేరెందుకులే గానీ, మీవాళ్లకి చెప్పు. మంచి మాట నలుగురికీ చెబితే పుణ్యం."

పోతు ఆ పుణ్యం కట్టుకోవడానికి పరుగున గేదె దగ్గరికి పోయింది.

"అత్తా, విన్నావా? వైరు పాలు తాగేస్తుందట!"

గేదెకి అప్పటికే దిగులుగా ఉంది. కొన్నాళ్లుగా పాలు తగ్గుతున్నాయి. దాలయ్య ఎక్కడ సంతకి తోలతాడోనని దానికి లోపల గుబులు. ఇప్పుడు ఒక కారణం దొరికింది. తన తప్పేమీ లేని కారణం! ఎంత హాయి!

"అనుకున్నానురా! ఆ పెట్టె తెచ్చిన దగ్గర్నుంచే నా పొదుగు తేలికైపోయింది," అని అక్కడికక్కడే కోడిని కేకేసింది. "ఏమే పిల్లా, నువ్వు పాకలో ఆ పెట్టె కిందేనా గుడ్లు పెడుతున్నావు? అది టిక్కుమన్నప్పుడల్లా గుడ్డులో పిల్ల ఉలిక్కిపడి చచ్చిపోతుందట! దూరంగా పోయి పెట్టుకో. ఆ ఆముదం పొద దగ్గరైతే చప్పుడు వినబడదు."

"నిజంగానా వదినా?"

"నీ మంచికే చెబుతున్నాను. మళ్లీ పిల్లల్ని పోగొట్టుకుంటావా?"

ఆ ఒక్క మాట చాలింది కోడికి. గోడలున్న పాక, గంప, వెచ్చటి గడ్డి అన్నీ వదిలేసి, దొడ్డి చివర వైరుకి ఆనుకుని ఉన్న ఆముదం పొదలో గుడ్లు పెట్టి పొదగడం మొదలెట్టింది. పోతు ఆ వైపు మేయడం మానేసింది. దాలయ్య కోతల్లో మునిగిపోయి చూసుకోలేదు. వానలు పడ్డాయి. పిచ్చితీగలు లేచాయి. ఒకదాన్నొకటి పట్టుకుని ఎగబాకి, చివరికి వైరుని చుట్టుకున్నాయి.

పెట్టె టిక్కు టిక్కుమంటూనే ఉంది.

ముసలి ఎద్దుకి ఒక చెడ్డ అలవాటు. వైరు మీదుగా మెడ చాచి మొక్కజొన్న ఆకు లాగాలని చూస్తుంది. వైరు మూతి మీద ఒక్కటి తగిలిస్తుంది. ఎద్దు బుస్సుమని వెనక్కి వస్తుంది. మర్నాడు మళ్లీ అదే పని. బుద్ధి లేదని మిగతావాళ్లు నవ్వేవారు. ఒకరోజు ఎద్దు మూతి వైరుకి తగిలింది. ఏమీ కాలేదు. మళ్లీ ఆనించింది. చిన్న చీమ కుట్టినట్టుంది, అంతే. ఆకు లాక్కుని తినొచ్చు. కానీ ఎద్దు ఆకు తినలేదు. వైరు పొడుగునా చూసుకుంటూ నడిచింది. ఆముదం పొద దాకా వచ్చి ఆగిపోయింది. పచ్చటి తీగల ముద్ద, దాని పక్కనే గుడ్లు పొదుగుతూ కూర్చున్న కోడి.

"ఏయ్! అందరూ ఇటు రండి!" ఎద్దు రంకెకి పాక మీది పిచ్చుకలు లేచిపోయాయి. "ఏమ్మా కోడీ, ఇక్కడెందుకు కూర్చున్నావు?"

"పెట్టె చప్పుడుకి గుడ్డులో పిల్ల చచ్చిపోతుందట మావయ్యా."

"ఒరే పోతూ, నువ్వు ఇక్కడ మేత ఎందుకు మానేశావు?"

"గడ్డిలోకి కరెంటు దిగుతుందట. లోపల లోపల పనిచేస్తుందట."

"నీ సంగతేమిటే?"

"నా పాలు వైరు తాగేస్తుందట బావా, ఇక దాలయ్య నన్ను సంతకి తోలేస్తాడు," అని గేదె కళ్లనీళ్లు పెట్టుకుంది.

"అట! అట! అట!" ఎద్దు గిట్టతో నేల తవ్వేసింది. "మీ నోటికి ఇంకో మాట రాదా? ఎవరు చూశారు? గేదే, వైరు నీ పొదుగు దాకా వచ్చిందా? నువ్వు చూశావా? నువ్వు చూడితో ఉన్నావే, కడుపులో దూడ ఉందే! చూడి గేదె వట్టిపోక ఏం చేస్తుంది? పోయినసారి ఈనే ముందు వట్టిపోలేదా? అప్పుడు ఏ వైరు తాగింది? ఈనేదాకా ఆగితే నీ పొదుగే నీకు జవాబు చెబుతుంది. దాలయ్యకి తెలియదనుకున్నావా? చూడి గేదెని సంతకి తోలే పిచ్చివాడా అతను?"

గేదె తల దించుకుంది. "అంత గట్టిగా అరవకపోతే ఏం..." అని గొణిగింది.

"అరుస్తాను! ఒరే పోతూ, గడ్డి తిని నీకేమైంది?"

"కడుపులో గుడగుడ."

"పుట్టిన దగ్గర్నుంచీ నీ కడుపులో గుడగుడే కదరా!"

కోడికి ఇంకా అర్థం కాలేదు. గుడ్ల మీది నుంచి లేవకుండానే అడిగింది. "మావయ్యా, మరి ఇంతమంది అంటుంటే అబద్ధమెలా అవుతుంది?"

"ఇంతమందా? లెక్క తేలుద్దాం ఉండు. నీకెవరు చెప్పారు?"

"గేదె వదిన."

"నీకు?"

"పోతు చెప్పాడు," అంది గేదె.

"నీకెవరు చెప్పారురా?"

పోతు గడ్డం నేలకి వాలింది. "అందరూ అంటున్నారు తాతా."

"ఆ అందరికీ కాళ్లెన్ని? తోక ఎలా ఉంటుంది?"

పోతు కొండ వైపు ఒక్కసారి చూసి కళ్లు తిప్పుకుంది. ఆ చూపు కోడి పట్టుకుంది.

"ఎవరు?" అంది. గొంతు మారిపోయింది. "ఎవరు చెప్పారు నీకు?"

"మంచి మాటే కదా అని... ఎవరు చెబితే ఏముందిలే అని..."

"నా పిల్లల్ని తిన్నవాడు చెబితే, నా పిల్లల కోసం నేను విన్నానా?"

పెట్టె ఒక్కటే టిక్కు టిక్కుమంటోంది. నన్నడిగితే ఆ కోడి అక్కడే పోతు కళ్లు పొడిచినా తప్పులేదు. 'ఎవరు చెబితే ఏముంది' అట! పిల్లల్ని మింగిన నోటికీ వాటిని పిలిచే తల్లి నోటికీ తేడా లేదా?

కోడి పొడవలేదు. "గుడ్లు మోసుకుపోలేను. వదిలి లేవలేను. లోపల పిల్లలు అప్పుడే చప్పుడు చేస్తున్నాయి," అని మాత్రం అంది.

మేకపోతు ఇంకెవరి మాటా వినకుండా మూతి వంచి ఆ తీగల మీద పడింది. వైరుని పట్టుకున్న ప్రతి కొసనీ తెంపింది, మొదళ్లు నమిలేసింది. రెండుసార్లు ముక్కు మీద వైరు గుంజింది కూడా. ఎద్దు మూతి ఆనించి చూసి బుస్సుమని వెనక్కి ఎగిరింది. "పస వచ్చింది," అంది కళ్లు ఆర్పుతూ.

సందెవేళ నక్క దిగింది.

"ఏరా అల్లుడూ, ఏం నములుతున్నావు?"

పక్కనే కోడి రెక్కలు విప్పి గుడ్లని కప్పుకుని కూర్చుంది, ఊపిరి కూడా వినబడకుండా. పోతు నోట్లోని తీగ ముక్క గబుక్కున మింగేసింది.

"నెమరు మావా, పొద్దుటి మేత."

"వైరు కింద తినడం లేదు కదా?"

"అమ్మో! ఆ మాట ఎత్తకు. అయినా ఇప్పుడు భయం లేదులే. వైరు చచ్చిపోయిందట."

నక్క చెవులు నిక్కబొడుచుకున్నాయి. "నిజమేనా?"

"అంటున్నారు మావా. ఎద్దు తాత మూతి ఆనించినా ఏమీ కాలేదట. తీగలు బాగా అల్లుకున్నాయట కదా."

"చప్పుడు వస్తోందే?"

"వట్టి చప్పుడేనట."

ఇక్కడే చూడండి. కొండ మీద కూర్చుని గడ్డిపోచ గడ్డిపోచ లెక్కపెట్టిన నక్క, ఎప్పుడూ కళ్లనే నమ్ముకున్న నక్క, ఆ సాయంత్రం రెండడుగులు పక్కకి వేసి వైరు వైపు చూస్తే సరిపోయేది. తీగలు తెగి వాడిపోయి కింద పడి ఉన్నాయి. చూడలేదు. తనకి ఇష్టమైన మాట చెవిలో పడింది, అంతే. ఇక ఎవరికైనా చూడాలనిపిస్తుందా?

"మంచివాడివిరా అల్లుడూ," అంటూ ఆముదం ఆకుల్లోంచి కనబడుతున్న కోడి ఎర్రటి జుట్టు మీదే కళ్లు పెట్టి, వైరు సందులోకి మూతి దూర్చింది.

ఆ అరుపు కొండ అవతలికి వినబడింది. నక్క గాలిలోకి లేచి, వెల్లకిలా పడి, తోక కాళ్ల సందున పెట్టుకుని మొక్కజొన్నలో పడి పరిగెత్తింది.

"మావా!" పోతు వెనక నుంచి కేకేసింది. "ఎక్కడ తగిలింది? లోపల లోపలేనా?"

మర్నాడు పొద్దున ఆముదం పొదలో గుడ్లు పగిలాయి. తడి ఆరని పిల్లలు ఒకటొకటిగా తల్లి రెక్కల కిందనుంచి తలలు బయటపెట్టాయి. ఎద్దు తీరుబడిగా నిలబడి చూస్తోంది. అంతలో గేదె ఆయాసపడుతూ వచ్చింది.

"విన్నారా? రాత్రి నక్క వైరు మీద మాడి బొగ్గయిపోయిందట! ఇక మనమూ జాగ్రత్తగా ఉండాలి. ఈ వైరు మనల్నీ కాల్చేస్తుందట!"

ఎద్దు కళ్లు ఎర్రబడ్డాయి. రంకె వేయడానికి నోరు తెరిచింది. దానికంటే ముందు కోడి లేచి నిలబడింది.

"బొగ్గు కాలేదు వదినా. నేను చూశాను. వెల్లకిలా పడి, లేచి, చేనులోంచి పరిగెత్తింది. బతికే ఉంది. మళ్లీ వస్తుంది. వైరు లేకపోతే లోపలికే వస్తుంది."

గేదె తోకతో ఈగల్ని తోలుకుంది. "నువ్వు చూశానంటున్నావు గానీ," అంది, "అందరూ వేరేగా అంటున్నారే!"

పేరు చెప్పని నోటినుంచి వచ్చిన మాటను మోసేవాడు, తన గుమ్మాన్ని తానే నక్కకి తెరిచిపెడతాడు.

సరే, దొడ్డి సంగతి వదిలేయండి. నిన్న మీరు నలుగురికీ పంపిన ఆ మాట ఉంది చూడండి, దాని చివర 'ట' వెనక ఎవరున్నారో అడిగారా?