ఎర్రదారం కట్టుకున్న పిట్ట

ఏడు సముద్రాల అవతల కాదు, మూడు వాగులు దాటితే చాలు, ఒకానొక రాజ్యం ఉండేది. దాని ప్రభువు రణకేసరికి అనుమానం ఎంతటిదంటే, మజ్జిగ తాగేముందు పదకొండుమందికి రుచి చూపించి, వాళ్ళు బతికారో లేదో సాయంత్రం దాకా చూసేవాడు. పాపం, ఆయన జన్మలో పులవని మజ్జిగ ఎరగడు!

పొరుగుసీమకు పోయే ప్రతి ప్రాణీ ఎర్రదారం కట్టించుకోవాలని ఆయన శాసనం. మనిషికి మణికట్టున, ఎద్దుకు గిట్టపైన. దారం లేకుండా హద్దు దాటితే ద్రోహమే.

ఆ ఆస్థానంలో ఓబళయ్య అనే చమత్కారికి పిట్టల పిచ్చి. కార్తీకంలో వచ్చి, చైత్రంలో ఉత్తరానికి ఎగిరిపోయే నీలిగొంతు పాటపిట్టల కోసం తుంగదుబ్బుల్లో కూర్చునేవాడు. ఎంత కదలకుండానంటే, తేనెటీగలు ఆయన తలపాగాకు రెండు పట్లు పెట్టాయి! పిట్టను వలలో పట్టి, కాలికి ఎర్రపోగు చుట్టి వదిలేవాడు, మరుసటేడు అదే వస్తుందో లేదో చూద్దామని.

ఒక చైత్రమాసపు ఉదయం దళవాయి సింగరాజు పిడికిట్లో పిట్టతో సభలోకి వచ్చాడు.

"ప్రభూ, దీని కాలికి దారం! శత్రువుకు పంపే సంకేతం. కట్టింది మన ఓబళయ్యే."

రాజు కళ్ళు చిన్నవయ్యాయి. "ఇది ఎక్కడికి పోతుంది ఓబళయ్యా?"

"ఉత్తరానికి, ప్రభూ."

"అక్కడున్నదెవరు?"

"తమ శత్రువు."

"విన్నారా! వీణ్ణి ఏనుగుచేత తొక్కించండి!"

ఓబళయ్య పక్కనున్నవాళ్ళు అప్పుడే రెండడుగులు ఎడం జరిగారు. ఇంతలో ఆయన చూపు నిన్ననే సరిహద్దు దాటి తిరిగొచ్చిన దళవాయి మణికట్టు మీద పడింది.

"చిత్తం. కాని ఏనుగు దగ్గరికి దళవాయిగారు కూడా రావాలి ప్రభూ. ఆయన చేతికీ ఉందిగా దారం!"

"అది నా ఆజ్ఞరా!"

"ప్రతి ప్రాణీ అన్నదీ తమ ఆజ్ఞే. ఏటా వేలకు వేల పిట్టలు కోటగోడ మీదుగా దారం లేకుండా హద్దు దాటుతుంటే దళవాయిగారు కునుకు తీస్తున్నారు. ఆయన పని నేను చేసిపెట్టాను. అది ద్రోహమా?"

సింగరాజు చెయ్యి ఉత్తరీయంలో దాచుకున్నాడు. రాజుకు మాత్రం అనుమానం తీరలేదు.

"అది మన గుట్టు వాళ్ళకు చేరవెయ్యదని నమ్మకమేమిటి?"

"తమరు ఉత్తరానికి పంపిన వేగులవాళ్ళు ఎందరు ప్రభూ?"

"నలభైమంది."

"తిరిగొచ్చింది?"

"అందరినీ అక్కడి దొర రెట్టింపు జీతమిచ్చి ఉంచుకున్నాడు," అని దళవాయి గొణిగాడు.

"నిరుడు నేను దారం కట్టినవీ నలభయ్యే. తొమ్మిది మళ్ళీ అదే దుబ్బుకు వచ్చాయి. జీతం లేదు, గుర్రం లేదు, బొటనవేలంత ఒళ్ళు! ఎవరూ పిలవకుండా తమ రాజ్యానికి తిరిగొచ్చే ప్రాణిని దళవాయిగారు పిడికిట్లో నలిపేస్తున్నారు."

రాజు మీసం అదిరింది. ఆ తర్వాత నవ్వాడు చూడండి, సభామంటపంలో వెయ్యి స్తంభాలూ ఊగాయి!

"వదలవయ్యా సింగరాజూ!"

పిట్ట గవాక్షంలోంచి తుర్రుమంది. రాజు గొంతు తగ్గించి అడిగాడు: "ఇంతకీ ఉత్తరాన ఏ ఊరికి పోతుందిరా అది?"

"అది తెలియకే గదా ప్రభూ ఈ పాట్లు!"

రాజు తన శాలువా తీసి ఓబళయ్యకు కప్పాడు. పంచకల్యాణి గుర్రాన్నిచ్చి, ఆ పిట్టల వెంట ఉత్తరానికి పోయి చూసి రమ్మన్నాడు. అంతలోనే కనుబొమ ఎత్తాడు.

"నువ్వు తిరిగొస్తావని నమ్మకమేమిటి?"

"ఏనుగును పిలిచిన నోటితోనే నవ్వే రాజు ఇంకెక్కడ దొరుకుతాడు ప్రభూ, రాక ఏం చేస్తాను!"

ఈసారి రాజు నవ్విన నవ్వు ఉత్తరసీమలో శత్రురాజుకు వినబడి, ఆయన మంచం మీంచి కిందపడ్డాడు.