సత్యవేణి వామనగుంటలు

అనగనగా గోదారి కాలవ పక్కన ఒక ఊళ్ళో, గాజులు తొడిగే సత్యవేణి అని ఒకావిడ ఉండేదమ్మా. ఎంత బిగుతు గాజైనా సరే, చెయ్యి మెత్తగా నొక్కి, మాటల్లో పెట్టి, ఇట్టే ఎక్కించేసేది. గాజు చిట్లేది కాదు, చర్మం గీరుకునేది కాదు. ఆడపిల్లలంతా "సత్యవేణత్త వస్తేనే తొడిగించుకుంటాం" అని భీష్మించుకు కూర్చునేవాళ్ళు.

అలాంటిది, ఓ వానాకాలం నూతి గట్టు మీద కాలు జారి పడింది. కుడి మణికట్టు విరిగింది. నెలన్నర తర్వాత కట్టు విప్పితే ఎముకైతే అతుక్కుంది గానీ, వేళ్ళు కొయ్యముక్కల్లా బిగుసుకుపోయాయి. "వేళ్ళకి పని చెబుతూ ఉండమ్మా, మెల్లగా సాగుతాయి" అంది డాక్టరమ్మ.

అప్పుడే ఆ ఊళ్ళోనే ఉండే నూకరత్నం వాళ్ళమ్మ కబురు పెట్టింది. "వచ్చే నెల మా పిల్ల సీమంతం. నీ చెయ్యి రాకపోతే పక్కూరావిణ్ణి పిలుచుకుంటాం, ఏమీ అనుకోకు" అని. సత్యవేణి ఒక్కటే మాట చెప్పి పంపింది: "నేనే తొడుగుతాను."

చెప్పడమైతే చెప్పింది. మరి ఎలాగ?

అప్పుడు వాళ్ళత్తగారు గవరమ్మ అటక మీంచి వామనగుంటల పెట్టె దింపి, దుమ్ము దులిపింది. అటు ఏడు గుంటలు, ఇటు ఏడు. గుంటకి ఐదేసి చింతపిక్కలు. ఒక గుంటలోవి తీసి, పక్క గుంటల్లో ఒక్కొక్కటే వేసుకుంటూ పోవాలి. ఎక్కువ పిక్కలు గెలుచుకున్నవాళ్ళదే ఆట. "రావే అమ్మాయ్, రోజూ సాయంత్రం ఒక ఆటేద్దాం" అంది.

మొదటిరోజు పిక్క పట్టుకుంటే జారిపోయింది. ఒకటి మంచం కిందకి, ఒకటి చాప కిందకి. అది చూసిన గవరమ్మ, "పోనీ, నీ వంతు కూడా నేనే వేస్తానే" అని చెయ్యి జాపింది.

"వద్దత్తయ్యా. నా పిక్క నేనే వేస్తాను. మీరు చూస్తూ కూర్చోండి."

ఒక్క గుంట పంచేసరికి పొయ్యి మీద అన్నం మాడింది. ఆ పూట అత్తాకోడళ్ళిద్దరూ మాడన్నమే తిన్నారు.

ఆ తర్వాత పది రోజులకి సత్యవేణి గెలిచింది! కానీ గెలిచినదాని మొహంలో నవ్వు లేదు. "అత్తయ్యా, అదిగో, ఆ మూల గుంట ఆడుంటే మీకు పది పిక్కలొచ్చేవి. చూసీ చూడనట్టు వదిలేశారు" అంది.

గవరమ్మ తల దించుకుంది. "గెలిస్తే నీకు హుషారొస్తుందనీ..."

"జాలి ఆట నాకొద్దు. మీరు ఎలా ఆడేవారో అలాగే ఆడండి. ఓడితే ఓడతాను." పిక్కలన్నీ మళ్ళీ ఐదేసి సర్దింది. నొప్పికి కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, అయినా చెయ్యి ఆపలేదు.

ఆ తర్వాత సీమంతం ముందురోజు వచ్చింది. గవరమ్మ కొంగు బిగించి కూర్చుని, కనికరం లేకుండా ఆడింది. కోడలి గుంటలన్నీ ఊడ్చేసింది. "ఓడిపోయావే అమ్మాయ్!"

"ఓడిపోయాను గానీ అత్తయ్యా, ఒక్క పిక్కా కింద పడలేదు చూశారా!"

గవరమ్మ వంగి చాప కింద చూసింది, మంచం కింద చూసింది. నిజమే, ఒక్కటీ లేదు! ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు.

మర్నాడు నూకరత్నం పీట మీద కూర్చుంది. నెలలు నిండుతున్నాయేమో, చేతులు పొంగి ఉన్నాయి. మొదటి ఆకుపచ్చ గాజే వేలి కణుపుల దగ్గర ఆగిపోయింది. పాటలు పాడేవాళ్ళు కూడా ఆపేశారు. "పోనీలే సత్యవేణీ..." అంటోంది నూకరత్నం వాళ్ళమ్మ.

"ఒక్క క్షణం ఉండండి వదినా." సత్యవేణి కంగారు పడలేదు. బొటనవేలు లోపలికి మడిచింది, అరచెయ్యి నొక్కింది, ఊపిరి బిగబట్టి మెల్లగా, మెల్లగా తోసింది. గాజు ఎక్కింది! ఆ తర్వాత రెండోది, మూడోది. చేతికి ఇరవై ఒకటి. పాయసం చల్లారిపోయింది గానీ, ఒక్క గాజూ చిట్లలేదు.

నూకరత్నం రెండు చేతులూ ఎత్తి గలగలమనిపించింది. ఆ చప్పుడికి కడుపులో పాపాయి ఠపీమని ఒక్క తన్ను తన్నింది. "అమ్మో!" అని నూకరత్నం కిలకిలా నవ్వేసింది.

కథ కంచికి పోయింది,
కునుకు కంటికొచ్చింది.
కాళ్ళు ముడుచుకో తల్లీ,
కళ్ళు మూసుకో బుల్లీ!