అంకాలు సత్తు పడవ

అనగనగా ఓ నీళ్ళ ఊరు. చుట్టూ సరస్సు, నడుమ చిటికెడు మట్టి. ఆ మట్టి పేరు జమ్ములంక. సత్తు గిన్నెలు ఊళ్ళలోకి కొత్తగా వస్తున్న కాలం అది. ఏ సంవత్సరమని అడగొద్దు. ఈ కథ చెప్పేవాళ్ళెవరూ ఆ ముక్క చెప్పలేదు.

ఆ లంకలో అంకాలు అనే ఆడమనిషి ఉండేది. చేపలు పట్టేది, ఎవరి పడవలోనో ఒడ్డుకెళ్ళి అమ్మేది. ఆమెకు పడవ లేదు. కాలికి నిలకడా లేదు.

పుట్టుకతో అలా లేదు. ఒక పూట అలా అయింది.

లంకలో అందరివీ తాటిదోనెలే. తాటిమొద్దును తొలిచి చేసినవి. ఎండాకాలం వేట తగ్గగానే వాటిలో రాళ్ళు వేసి నీళ్ళలో ముంచేసేవారు. పైన ఉంటే ఎండకు పగులుతాయి. మళ్ళీ తొలకరికే పైకి తీసేవారు. తాతల నాటి పద్ధతి.

ఒక ఎండాకాలం మిట్టమధ్యాహ్నం అంకాలు మొగుడు గోవిందును పాము కరిచింది. మందిచ్చేవాడు అవతలి ఒడ్డున ఉన్నాడు. దోనెలన్నీ నీళ్ళ కింద ఉన్నాయి. పదిమంది మగాళ్ళు దూకారు. బురద తడిమారు, రాళ్ళు తీశారు, ఒక దోనెను పైకి లేపి నీళ్ళు తోడారు. ఒక్కడూ ఆలస్యం చెయ్యలేదు. అయినా దోనె తేలేసరికి గోవిందు లేడు.

ఆ సేపంతా అంకాలు రేవులో అటూ ఇటూ తిరిగింది. ఆ తిరగడం మరి ఆగలేదు. అన్నం తిరుగుతూ తినేది. వల తిరుగుతూ అల్లేది. కూర్చోలేదు, నిలబడలేదు, తిరుగుతూనే ఉంది.

ఒకనాడు తిరుగుతూ తిరుగుతూ అంది:

"నాకో పడవ కావాల. ఎండాకాలం కూడా ముంచని పడవ."

పడవ కొనడానికి ఆమె దగ్గర మూడున్నాయి. గోవిందు విసురువల ఒకటి. గోవిందు వెండి మొలతాడు ఒకటి. చేపలమ్మిన చిల్లర వేసుకున్న వెదురుబొంగు ఒకటి. మూడంటే మూడే. నాలుగోది లేదు.

ముందు ఏడుకొండలు దగ్గరికి వెళ్ళింది. లంకలో ఎక్కువ దోనెలున్న ఆసామి ఆయనే.

"మామా, ఓ దోనె అమ్ముతావా?"

ఆయన మూడింటినీ చూశాడు. "వీటికి దోనె తోసే గెడ వస్తదే. దోనె రాదు."

"ఉన్నకాడికి ఇస్తాను, మిగిలింది చేపలిస్తాను."

"ఇచ్చి ఏం చేస్తావ్? ఎండల్లో పైన ఉంచుతావు. నా చేత్తో తొలిచిన దోనె. అది నెర్రెలిచ్చి చస్తుంటే నే చూడలేనమ్మా."

ఆమె పక్క లంకకు వెళ్ళింది. అక్కడ ఓ ముసలాయన పాత దోనె అమ్ముతున్నాడు.

"తాతా, దీనికెంత వయసు?"

"నాకన్నా చిన్నదే."

అంకాలు దోనె అడుగున వేలు పెట్టి నొక్కింది. వేలు అవతలికి వెళ్ళింది.

"నీకు పళ్ళున్నాయా తాతా?"

"ఒక్కటీ లేదు."

"దీనికీ లేవు," అని వచ్చేసింది.

మూడోసారి ఒడ్డుకు వెళ్ళింది. కాలవ తవ్వించిన కంట్రాక్టరు పని ముగించి వెళ్ళిపోతూ ఓ చిన్న పడవ వదిలేశాడు. దాన్ని గుమాస్తా అమ్ముతున్నాడు. అది కర్రది కాదు. సత్తు రేకుది. ఎండలో తళతళా మెరుస్తోంది.

"రేకు పడవేంటయ్యా?" అంది అంకాలు.

"తేలిగ్గా ఉంటుంది. ఒక్కదానివే లాక్కోవచ్చు. పుచ్చదు. ఎండకు పగలదు."

"పగలదా?"

"గిన్నె పగులుద్దా ఎండకి?"

"అయితే ముంచక్కర్లేదా?"

"ఎందుకు ముంచడం?"

ఆ మాట వినగానే అంకాలు కాళ్ళు ఇంకా తొందరపడ్డాయి. పక్కన నిలబడ్డ చేపలమ్మే ఆవిడ, "కాస్సేపు నీళ్ళ మీద పెట్టించి చూడవే," అంది. అంకాలు ఆగలేదు. వల ఇచ్చింది, మొలతాడు ఇచ్చింది, వెదురుబొంగు పగలగొట్టి ఇచ్చింది. గెడ పట్టుకుని పడవెక్కింది.

సరస్సు మధ్యకు వచ్చేసరికి పాదాలు తడిశాయి. ఇంకొంచెం దూరం పోయేసరికి చీలమండలు మునిగాయి. ఓ చేత్తో గెడ వేస్తూ, ఓ చేత్తో చెంబుతో తోడుతూ వచ్చింది. రేవు చేరేసరికి పడవలో మోకాటి లోతు నీళ్ళు. లంక లంకంతా రేవులో నిలబడి చూసింది.

"అంకాలూ, పడవ కొన్నావా, కాగు కొన్నావా?"

"పొయ్యి మీద పెట్టవే, ఊరంతటికీ అన్నం ఉడుకుద్ది!"

ఏడుకొండలు నవ్వలేదు. పడవ చుట్టూ చూసి తల పంకించాడు. "కారే దోనెకు ఒకటే మందు. మూడ్రోజులు ముంచు. ఉబ్బి బీటలు పూడతాయి."

"ముంచను," అంది అంకాలు.

"ముంచకపోతే ఎట్టా ఉబ్బుద్దే?"

"నీళ్ళలో నేను దీన్ని ముంచను మామా. దీంట్లోనే నీళ్ళు పోస్తా. లోపల్నించి ఉబ్బుద్ది."

ఎవరో అన్నారు: "ఎండకు పగలనిది నీళ్ళకు ఉబ్బుద్దంట!" మళ్ళీ నవ్వులు.

అంకాలు పుట్టినప్పటి నుంచీ దోనెలు ఉబ్బడమే చూసింది. పడవన్నాక ఉబ్బాల్సిందే అనుకుంది. రెండు తాటిదుంగలు వేసి పడవను వాటి మీదికి లాగింది. ముందు ఒక బిందె పోసింది. నడుమ ఒక బిందె పోసింది. వెనక ఒక బిందె పోసింది. వేరే ఎవరైనా అయితే ఇంటికి పోయి పడుకునేవాళ్ళు. అంకాలు పడుకోలేదు. కూర్చోలేదు, నిలబడలేదు, పడవ చుట్టూ తిరుగుతూనే ఉంది.

మొదటి చుట్టులో ఏమీ కనబడలేదు. రెండో చుట్టులో పడవ ముక్కు కింద మట్టి తడిగా కనబడింది. మూడో చుట్టుకు వంగి చూసింది. పడవ పొట్ట కింద మూడుచోట్ల, రేకులను కలిపిన మేకుల దగ్గర, నీళ్ళు బొట్టుబొట్టుగా కారుతున్నాయి. నీళ్ళ మీద ఉన్నప్పుడు ఎక్కడి నుంచి వస్తున్నాయో తెలియని నీళ్ళు ఇప్పుడు ఎక్కడి నుంచి పోతున్నాయో చూపిస్తున్నాయి.

అంకాలు సున్నం తెచ్చి మూడుచోట్లా బొట్లు పెట్టింది.

ఆ వారం చిల్లుపడ్డ బిందెలకు మాట్లు వేసే దస్తగిరి సాయిబు లంకకు వచ్చాడు. అంకాలు ఆయన చెయ్యి పట్టుకుని పడవ దగ్గరికి లాక్కెళ్ళింది.

"నేను గిన్నెలకేస్తానమ్మా," అన్నాడాయన.

"పెద్ద గిన్నె అనుకో సాయిబూ."

ఆయన గడ్డం గోక్కున్నాడు. పడవ కిందికి దూరాడు. మేకులు బిగగొట్టాడు, మూడు మాట్లు వేశాడు, గుగ్గిలం కాచి పూశాడు. నెలరోజుల పాటు పూటకో చేప కూలీ అన్నాడు. అంకాలు మళ్ళీ మూడు బిందెలు పోసి, మూడు చుట్లు తిరిగింది. పొట్ట కింద మట్టి పొడిగా ఉంది.

ఎండాకాలం వచ్చింది. లంకలో దోనెలన్నీ రాళ్ళేసుకుని నీళ్ళ కిందికి పోయాయి. రేవులో సత్తు పడవ ఒక్కటే తేలుతోంది. నవ్వినవాళ్ళే వచ్చి ఉప్పుకనీ కిరసనాయిలుకనీ అడిగి తీసుకెళ్ళారు. అంకాలు ఎవరినీ కాదనలేదు. ఒకరోజు పొద్దున ఏడుకొండలు తీసుకెళ్ళాడు. తిరిగొచ్చి తాడును గుంజకు గట్టిగా ముడేశాడు.

"నీకు కట్టడం రాదే. చూడు, మగాడి ముడి."

ఆ మధ్యాహ్నమే ఆయన కోడలు మంగతాయికి నొప్పులొచ్చాయి. మంత్రసాని చూసి బయటికొచ్చింది. "బిడ్డ అడ్డం తిరిగింది. నా చేతిలో పని కాదు. ఒడ్డున ఆసుపత్రికి తీసుకుపోండి."

ఏడుకొండలు రేవుకేసి పరుగెత్తాడు. అలవాటు కొద్దీ తన దోనె ముంచిన చోట నీళ్ళలోకి దూకబోయాడు. అంకాలు అరిచింది:

"మామా! అటు కాదు, ఇటు!"

మంగతాయిని మంచంతో తెచ్చారు. పడవలో గడ్డి పరిచి పడుకోబెట్టారు. ఏడుకొండలు ముడి విప్పబోయాడు. తడిసి ఎండిన తాడు రాయిలా బిగుసుకుంది. గోళ్ళతో పీకాడు. పళ్ళతో లాగాడు. మంగతాయి అరుస్తోంది.

అంకాలు కళ్ళ ముందు ఆనాటి పదిమంది మగాళ్ళు బురద తడుముతున్నారు. నడుమున దోపిన చేపల కత్తి తీసింది. ఒక్క వేటుతో తాడు తెంపింది.

ఎండ నెత్తి మీద ఉంది. నీళ్ళు తక్కువ, బురద ఎక్కువ. కర్ర దోనె అయితే దిగబడేది. సత్తు పడవ బురద మీద జారింది. అంకాలు గెడ వేస్తూనే ఉంది. అడుగున ఒక్క చుక్క లేదు. మాట్లు మూడూ నిలిచాయి.

పొద్దు వాలకముందే ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. తల్లీ బతికింది, పిల్లా బతికింది.

ఏడుకొండలు బయటికి వచ్చి అరుగు మీద కూలబడ్డాడు. అంకాలు మెట్ల ముందు అటూ ఇటూ తిరుగుతోంది.

"ఇప్పుడన్నా కాస్త కూర్చోవే తల్లీ."

"ఎండాకాలం ఇంకా అయిపోలా మామా. అవతల ఎవరికేం అవసరం వచ్చిందో," అని పడవ దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి అంకాలు తాడుకు ముడి వెయ్యనివ్వలేదు. గుంజకు మూడు చుట్లు చుట్టి వదిలేసేది. గెడ పడవలోనే ఉండేది. ఎవరికి అవసరమైతే వాళ్ళు తీసుకెళ్ళాలి. అడగడానికి కూడా ఆగకూడదు.

చాలా ఏళ్ళు బతికింది. ఓ తొలకరి పొద్దున రేవుకు పోయే దారిలో పడి ప్రాణం విడిచింది. మోసుకెళ్ళిన నలుగురూ, పాడె మీద కూడా ఆమె బరువు అటూ ఇటూ కదిలిందని చెప్పుకున్నారు. నిజమో కాదో వాళ్ళకే తెలియాలి. కొన్నాళ్ళకు సత్తు పడవా అరిగిపోయింది. దాని రేకు ముక్కలు లంకలో ఇంటికొకటి తీసుకుని గుర్తుగా వాసాలకు కట్టుకున్నారు.

ఇప్పటికీ ఆ సరస్సు లంకల్లో పడవ కొనేవాళ్ళు ముందు దాన్ని దుంగల మీదికి ఎక్కిస్తారు. ముందొకటి, నడుమొకటి, వెనకొకటి, మూడు బిందెల నీళ్ళు పోస్తారు. చుట్టూ మూడుసార్లు తిరుగుతారు. కూర్చుని చూస్తే ఒప్పుకోరు. "అంకాలు చుట్లు తిరిగావా?" అని అడుగుతారు. తిరిగాకే బేరం.

ఇంకొకటి కూడా ఉంది. ఎండాకాలం అన్ని దోనెలూ ముంచినా, వంతులు వేసుకుని ఒక దోనెను పైన ఉంచుతారు. పగిలితే పగిలింది, ఊరంతా కలిసి కొత్తది చేయిస్తారు. దాని తాడుకు ముడి ఉండదు, మూడు చుట్లే. తెలియక ఎవరైనా ముడి వేస్తే రేవులో ముసలమ్మలు ఊరుకోరు.

"విప్పరా, విప్పు. అంకాలు వచ్చే వేళయింది."