చివరి కొక్కెం

కోటకొచ్చే ప్రతి ఉత్తరమూ ఒక పనేనట! దాన్ని కొక్కేనికి తగిలించి, వచ్చిన వరుసలోనే పూర్తిచెయ్యాలని దివాను అచ్యుతయ్య శాసించాడు. తగిలించేదీ, చేసేదీ గుమాస్తా సింగప్పే. నెల తిరిగేసరికి గోడంతా ఉత్తరాలే.

రాజుగారికి అంతా అయోమయంగా తోచింది. "ఇన్ని పనులెక్కడివయ్యా?" అని సింగప్పనడిగాడు.

"అసలు పనులు పన్నెండే ప్రభూ. మధ్యలో వేలాడే మూడొందలూ 'పని ఎందాకా వచ్చింది?' అని దివానుగారు రాసినవి. వాటికి మాత్రం అన్నిటికంటే ముందు జవాబివ్వాలని వారి ఆజ్ఞ. ఆ జవాబులు రాయడంతోనే తెల్లారుతోంది."

మండిపడ్డ దివాను, సింగప్పను కొలువులోంచి తీసేస్తున్నానని అక్కడికక్కడే ఉత్తరం రాసి చేతిలో పెట్టాడు. సింగప్ప దాన్ని కళ్లకద్దుకుని చివరి కొక్కేనికి తగిలించాడు.

"ఏమిట్రా అది?"

"తమరి శాసనమేనండీ! దీని వంతు రాగానే వెళ్లిపోతాను."

దివాను రోజూ 'ఎందాకా వచ్చింది?' అని రాస్తూనే ఉన్నాడు, సింగప్ప ఆ కొలువులోనే ముసలివాడయ్యాడు.