చూసుకునే కుండ

రాజవైద్యుడి మందు కోసం నాటాల్సిన గంజాయి విత్తనాలు దాచే పని సుంకులమ్మది. మొలవకపోతే ఆమె పొలం పోతుంది. అందుకే వాటిని బాగా ఎండబెట్టి, బూడిదలో కలిపి, కుండ మూతికి మట్టి మెత్తింది.

ఊరి ఠాణేదారు మాత్రం ఆ కుండ తనిఖీకని రోజూ వచ్చేవాడు. "మూత తియ్యవే, ఉన్నాయో లేదో చూడాలి."

"చెమ్మ తగులుతుంది దొరా."

"నాకే చెబుతావా?"

చెప్పీ చెప్పీ ఒకరోజు అలిసిపోయి, మర్నాటి నుంచి అడగ్గానే మూత తీసేది.

మూడేళ్లకు వైద్యుడొచ్చి చూస్తే గింజలన్నీ బూజు.

"నీ పొలం పోయినట్టే!" అన్నాడు ఠాణేదారు.

సుంకులమ్మ అటక మీది నుంచి మట్టి మెత్తిన ఇంకో కుండ దించింది. అందులోవి తడిగుడ్డలో కడితే మూడోనాటికి చక్కగా మొలిచాయి.

"మరి నాకు చూపించినవి?"

"తమరు చూసుకోవడానికని తీసిపెట్టిన గుప్పెడు, దొరా. చూడకుండా ఉండలేని బాధ నాకు తెలుసు. నా పిల్లలు దూరాన ఉన్నారు."