అగ్గిమీసాల మాంత్రికుడు, ఊడ్చిన బాట

అనగా అనగా ఏటివరం అని ఒక రాజ్యం. దానికో రాజు, పేరు చంద్రకేతు. ఆయనకు ముగ్గురు కొడుకులు, ఒక అడవి. నిజం చెప్పొద్దూ, కొడుకులకంటే అడవంటేనే ఆయనకు ముద్దెక్కువ.

ఒక ఏడు దొంగలు అడవిలో పడి టేకు చెట్లు నరుక్కుపోయారు. రాజుకు ఒళ్ళు మండిపోయింది. "ఇకమీదట ఏ మనిషీ నా అడవిలో కాలు పెట్టకూడదు. ఎండుటాకు ముట్టుకున్నా తల తీయిస్తా!" అని చాటింపు వేయించాడు. దొంగల మీది కోపంతో, తాతలనాటి నుంచి అక్కడ బతుకుతున్న కొండవాళ్ళను కూడా బయటికి వెళ్ళగొట్టాడు. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడమంటే ఇదే మరి!

కొన్నేళ్ళు గడిచాయి. ఆకులు రాలాయి. రాలిన ఆకుల మీద మళ్ళీ రాలాయి. ఆ వాసన పట్టుకుని అగ్గిమీసాల మాంత్రికుడు వచ్చి అడవి నడుమ మకాం పెట్టాడు. వాడి తిండి ఎండుటాకులు. తిన్నకొద్దీ పెరుగుతాడు. పిల్లంత ఉన్నవాడు దున్నంత అయ్యాడు, దున్నంత ఉన్నవాడు ఏనుగంత అయ్యాడు. "ఎండలు ముదరనీ, అడవంతా ఒక్క ముద్ద చేసి మింగేస్తా!" అని మీసం మెలేశాడు. మీసంలోంచి నిప్పురవ్వలు రాలాయి. ఆ మాట విన్న రాజుకు అన్నం సహించలేదు.

పెద్దకొడుకు లేచాడు. "మాంత్రికుల ప్రాణం చిలకలోనే కదా ఉండేది!" అని ఏడు సముద్రాలు దాటి పడవ నిండా చిలకల్ని పట్టుకొచ్చాడు. మాంత్రికుడు పొట్ట చేత్తో పట్టుకుని నవ్వాడు. చిలకలన్నీ జామతోట మీద పడ్డాయి.

రెండోకొడుకు కత్తి దూశాడు. మంటను కత్తి ఏం కోస్తుంది? చెయ్యి బొబ్బలెక్కి ఇంటికొచ్చాడు.

మూడోవాడు సుకేతుడు. ఏం చెయ్యాలో తోచక అడవి అంచున దిగాలుగా కూర్చుంటే, ఒక ఎలుగుబంటి వచ్చి పక్కన కూలబడింది.

"ఏం రాకుమారా, మొహం వేలాడేశావు?"

"మాంత్రికుడి ప్రాణం ఎక్కడుందో తెలియడం లేదు."

"ఎక్కడో ఎందుకయ్యా, నా పొట్టకు గుచ్చుకుంటూనే ఉందిగా! ఈ ఎండుటాకులే వాడి ప్రాణం. కొండవాళ్ళున్నప్పుడు ఏటా ఎండలకు ముందు బాట ఊడ్చేవాళ్ళు. ఇప్పుడు నేను నడవాలంటే ఈదాల్సొస్తోంది."

సుకేతుడు ఒక్క పరుగున అడవి బయట కొండవాళ్ళు వేసుకున్న గుడిసెలకు వెళ్ళాడు. కొండపెద్ద కూతురు పైడి ముంగిట్లో చీపురు కడుతోంది.

"అడవి ఊడవడానికి వస్తారా?" అన్నాడు.

"వస్తే మీ నాయన తలలు తీస్తాడంట కదా?"

"ముందు నేను అడుగు పెడతా. తీస్తే నా తలే తీస్తాడు."

పైడి అతన్ని ఎగాదిగా చూసింది. "అడవంతా ఊడిస్తే పురుగూ పుట్రా ఏం తింటాయి? నేలకు ఎరువెక్కడిది? బాట ఒక్కటే ఊడవాలి. నాలుగు బళ్ళు పట్టేంత వెడల్పు, కొండ నుంచి ఏటి దాకా. చీపురు పట్టడం వచ్చా?"

"రాదు."

"నేర్పుతాలే, రా."

చీపురు కర్రలకు వెదురు తెమ్మంటే, సుకేతుడు లేత పిలక మీద కత్తి ఎత్తాడు. "ఆగాగు! అవి రేపటికి. ముదిరినవి కొట్టు, తక్కినవాటికి గాలీ వెలుతురూ తగుల్తాయి" అంది పైడి. సుకేతుడు నాలిక కరుచుకున్నాడు.

కొండవాళ్ళు ఊడ్చారు. ఎలుగుబంటి ఊడ్చింది. ఉడతలు కూడా తోకలతో ఊడ్చాయి. కోతులు పచ్చికొమ్మలు విరిచి, బాటకు అటూ ఇటూ బారులు తీరాయి. నేల నున్నగా తేలింది.

అప్పుడు సుకేతుడు కేకేశాడు. "మాంత్రికుడు మావయ్యా! ఆ చప్పిడాకులేం తింటావు? ఏటి అవతల కోటంత గడ్డివాములున్నాయి, రా!"

మాంత్రికుడికి నోరూరింది. బాటలోకి దూకాడు. కాలికింద ఆకు లేదు. పక్కకు నాలిక చాపితే కోతులు పచ్చికొమ్మలతో చప్‌చప్‌మని కొట్టాయి. వెనక్కి తిరిగే ఓపిక లేదు. ఏనుగంత వాడు దున్నంత అయ్యాడు, దున్నంత వాడు పిల్లంత అయ్యాడు. చివరికి దీపమంత మిగిలితే, పైడి వాణ్ణి కుంపట్లోకి ఎత్తింది.

ఇంతలో రాజు గుర్రమెక్కి వచ్చాడు. "నా అడవిలో కాలు పెట్టిందెవరు?"

"నేనే నాన్నగారూ. తల తీయించండి" అని సుకేతుడు తల వంచాడు.

రాజు అడవి వంక చూశాడు. ఒక్క చెట్టూ కాలలేదు. కుంపటి వంక చూశాడు. ఆయనకు దుఃఖం ఆగలేదు. "అడవిని కాపాడుతున్నాననుకున్నాను. దాన్ని చూసుకునే చేతుల్నే తరిమేశాను" అని అందరి ముందూ ఏడ్చేశాడు.

పైడి ఆయన చేతికి చీపురిచ్చింది. "ఏడుస్తూ కూర్చుంటే ఎలా రాజా? గాలికి మళ్ళీ ఆకులు పడుతున్నాయి."

రాజు కిరీటం తీసి పట్టుకోమని ఎలుగుబంటికిచ్చి, చీపురందుకున్నాడు.

కొండవాళ్ళు అడవిలోని తమ పాత చోటికి తిరిగొచ్చారు. సుకేతుడికీ పైడికీ అడవిలోనే పెళ్ళి. పాయసం ఎవరి మీద వండారనుకున్నారు? మాంత్రికుడి మీదే! రాజు సుకేతుడికే పట్టం కట్టాడు. తలలు నెరిసేదాకా ఇద్దరూ చల్లగా రాజ్యమేలారు. ఏటా ఎండలకు ముందు మొదటి చీపురు రాజే పట్టాలని కట్టడి చేశారు. కథ అడవికి, మనం అన్నానికి!