చెట్టు మొదట్లో మజ్జిగ

అన్యాయం జరిగింది ఎనిమిదో తరగతి స్రవంతికి. ఫిబ్రవరి పన్నెండున, పొద్దున ప్రార్థన వేళ, బడి మొత్తం చూస్తుండగా. చేసినవాడు హెడ్మాస్టరు వీరభద్రం. ఆ మహానుభావుడు మాత్రం అన్యాయం తనకే జరిగిందనుకున్నాడు.

ఏడాది కిందట ఆయన గేటు ముందు కొట్టువాడితో పోట్లాడి రంగునీళ్ళ పాకెట్లు, కూల్ డ్రింకులు మాన్పించాడు. పొద్దున బెల్లం వేసిన రాగిజావ, మధ్యాహ్నం అల్లం దంచి కలిపిన మజ్జిగ ఇప్పించాడు. మంచి పనే, వంక పెట్టడానికి లేదు. పేపర్లో ఫొటో కూడా పడింది.

మగపిల్లలు మళ్ళీ మళ్ళీ అడిగి తాగారు. ఆడపిల్లలు గ్లాసు పట్టుకుని వంటగది వెనక్కి పోయి వేపచెట్టు మొదట్లో పోసేవాళ్ళు. ఆ చెట్టుకు పట్టిన చీమలే ఆయనకు సంగతి చెప్పాయి.

ఆ రోజు దొరికింది స్రవంతి. అందరి ముందూ నిలబెట్టి, "రంగునీళ్ళయితే గుటగుటా దిగేవి కదే! తాగు!" అని గ్లాసు మీద గ్లాసు జావ తాగించాడు. మధ్యాహ్నం గంట కొట్టకముందే, లెక్కల క్లాసులో ఆ పిల్ల కూర్చున్న బెంచీ తడిసింది. మగపిల్లలు ఎట్లా నవ్వారో చెప్పనక్కర్లేదు.

మర్నాటి నుంచి స్రవంతి బడికి రాలేదు.

వీరభద్రం అచల మఠంలో ఉపదేశం పొందినవాడు. గురువు చంద్రమాంబ, ఎనభై దాటిన ముసలమ్మ. మార్చి మొదటి ఆదివారం పొద్దున్నే పోయి ఆమె ముందు కూర్చుని గోడు వెళ్ళబోసుకున్నాడు.

"అమృతం పోస్తే చెట్టుకు పారబోస్తున్నరమ్మా! ఆడపిల్లలకు కృతజ్ఞత లేదు. ఒకదాన్ని నలుగుట్ల గట్టిగ అన్నందుకు బడే మానేసింది. వాళ్ళ నాయిన టీసీ కావాలని తిరుగుతున్నడట."

"బడి శుభ్రంగుంటదా కొడుకా?"

ఆయన మొహం విప్పారింది. "అద్దమే అమ్మా! ఆడపిల్లల మరుగుదొడ్డికైతే తాళమేసి, చెవి నా బీరువల పెట్టుకున్న. తనిఖీకి ఎవరొచ్చినా ముక్కు మూసుకోవద్దు గద!"

"మంచిది," అని ఆమె లేచి దొడ్డివైపు పోయింది. కొంగు చివర ఏదో ముడి వేసుకుంటూ తిరిగొచ్చి, కుండెడు మజ్జిగ తెప్పించింది.

"తాగు."

గురువు చేతి మజ్జిగ, కాదనకూడదు. తాగాడు. మళ్ళీ పోసింది. తాగాడు. ఈలోగా పందిరి కింద తత్వాలు పాడటం మొదలైంది. ఆ మఠంలో తత్వం నడుస్తుండగా గురువు సెలవివ్వందే ఎవరూ లేవరు. ఎండ నెత్తి మీదికొచ్చింది. ఒక తత్వం అయితే ఇంకొకటి. గ్లాసు ఖాళీ అయితే మళ్ళీ నిండుతోంది.

వీరభద్రం కాళ్ళు మార్చి మార్చి కూర్చున్నాడు. చెమటలు పట్టాయి. తత్వంలో ఒక్క ముక్క చెవికెక్కలేదు. చివరికి సిగ్గు విడిచి చిటికెనవేలు చూపాడు, ఒకటో తరగతి పిల్లాడిలా.

ఆమె తల ఊపింది.

దొడ్లోకి పోతే మరుగుదొడ్డికి తాళం. దాని వెనక మిరపచేను నిండా కాయలేరే ఆడవాళ్ళు.

"ఏం సారూ, తొవ్వ తప్పినవా?" అందొకామె. అందరూ పకపకా నవ్వారు.

తలవంచుకుని వచ్చి కూర్చున్నాడు. ఆమె మళ్ళీ గ్లాసు నింపి, కళ్ళు మూసుకుని తత్వం ఎత్తుకుంది. వీరభద్రం అటూ ఇటూ చూసి, పక్కనున్న గన్నేరు మొదట్లో గ్లాసు మెల్లగా ఒంపాడు.

తత్వం ఆగింది.

"చెట్టుకు పోసినవా కొడుకా?"

ఆయన ఖాళీ గ్లాసు వీపు వెనక్కి పెట్టుకున్నాడు.

ఆమె కొంగు ముడి విప్పి తాళంచెవి ఆయన ముందు పెట్టింది.

"తీస్కో. నా కాడికి తనిఖీకొచ్చేటోళ్ళు ఎవ్వరు లేరు."

సోమవారం ప్రార్థన గంట కొట్టకముందే వీరభద్రం బడిలో ఆడపిల్లల మరుగుదొడ్డి తాళం తీసి నూతిలో పారేశాడు. అటునుంచి అటే స్రవంతి ఇంటికి పోయాడు. నాయనమ్మ గడపలోంచి లేవలేదు.

"పిల్లేది? బడికి తోలుకపోదామని వచ్చిన."

"వాళ్ళమ్మ తోని మిరప ఏరనీకి ఖమ్మం దిక్కు పోయింది. కాయితం మీద సంతకం పెట్టింది నువ్వే గద సారూ?"

బడికి తిరిగొచ్చి, శనివారం తలెత్తకుండా సంతకాలు చేసిన కట్ట విప్పాడు. అందులో ఉంది స్రవంతి టీసీ నకలు. సంతకం ఆయనదే. కింద తేదీ కూడా ఆయన చేతిరాతే: మార్చి 2.